మేస్త్రి డబ్బా, బరంపురం కారు

పాత కారు కొనబోయే ముందు నాకు ఫోను చేసే పిల్లలు ఇంకా ఉన్నారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ మర్యాద ఒకటి మిగిలింది. "అంకుల్, ఫోటోలు పంపించాను, చూసి చెప్పండి" అంటారు. ఫోటో చూసి కారు సంగతి చెప్పమనడం, చెప్పుల జత చూసి పెళ్లికూతుర్ని ఖాయం చేయమనడం లాంటిది. అయినా కళ్లజోడు పెట్టుకుని చూస్తాను. ప్రతి ఫోటోలోనూ కారు మెరుస్తూ ఉంటుంది. అమ్మకానికి పెట్టిన కారు మెరవక ఇంకేం చేస్తుంది? పైన పటారం లోన లొటారం అన్న మాట పుట్టించినవాడు తన జీవితంలో ఒక పాత బండి కొనే ఉంటాడని నా నమ్మకం.

"మ్యాటు ఎత్తి చూశావా బాబూ?" అని అడుగుతాను. చూడరు. సీటు కవర్లు చూస్తారు, పాటలొచ్చే పెట్టె చూస్తారు, కాళ్ల కింద మ్యాటు మాత్రం ఎత్తరు. ఆ మ్యాటు మీద నాకెందుకంత పట్టుదలో మీకు చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక వెధవ పని చెప్పాలి. చాలాకాలం దాన్ని నా నిజాయితీకి నిదర్శనంగా చెప్పుకుంటూ తిరిగాను. ఈ వయసులో నిజం చెప్పినా నాకు పోయేదేమీ లేదు కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో విశాఖపట్నం పోర్టు దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ గ్యారేజీలో మెకానిక్కుగా చేరాను. ఓడల్లోంచి సరుకు దింపించే కంపెనీ అది. దాని లారీలు, జీపులు, అధికారుల కార్లు, అన్నిటి రోగాలూ మా దగ్గరికే వచ్చేవి. గ్యారేజీకి ఒక పక్కనుంచి సముద్రపు గాలి, ఇంకో పక్కనుంచి ఎర్రటి ఖనిజపు దుమ్ము. పొద్దున్న తెల్లచొక్కా వేసుకొచ్చినవాడు సాయంత్రం ఇంటికెళితే అది ఏ చొక్కాయో ఇంట్లోవాళ్లే పోల్చుకోవాలి.

మా మేస్త్రిది భీమిలి. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. అన్నదమ్ములందరూ పడవలెక్కితే ఈయనొక్కడు ఇంజన్ల వైపు వచ్చాడు. సన్నటి మనిషి, కోపం ముక్కు మీదుండేది. ఇంజను నడుస్తుంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. రెండు నిమిషాల్లో రోగం చెప్పేవాడు. "మనిసి అబద్ధం సెప్తాడు గానీ బేరింగు సెప్పదురా" అనేది ఆయన మాట.

ఆయనకొక సింహాసనం ఉండేది. నాలుగు పలకల పెద్ద నూనె డబ్బా బోర్లించి, మీద చెక్కపలక వేసుకుని కూర్చునేవాడు. డబ్బాకి ఒక పక్క పురి విప్పిన నెమలి బొమ్మ. రంగు కొంచెం వెలిసినా ఈకల మీద కళ్లన్నీ లెక్కపెట్టొచ్చు. దాని మీద ఇంకెవరూ కూర్చోకూడదు. ఆయన సెలవులో ఉన్నప్పుడు కూడా కూర్చోకూడదు. ఒకసారి మేనేజరు తెలియక కూర్చుంటే, ఆయన లేచేదాకా మేస్త్రి నిలబడే పని చేశాడు, పనంతా ఆయన చుట్టూ సుత్తితో కొట్టే పనే పెట్టుకుని.

మా గ్యారేజీలో ఒక కట్టుబాటు ఉండేది, ఇంకెక్కడా నేను చూడలేదు. ఏ బండికైనా రేకు అతుకు వేస్తే ఆ అతుకు మీద ఎర్ర రంగు పూయాలి. దాని మీద మళ్లీ మామూలు రంగు వేయకూడదు. కారు తెల్లదైనా, నల్లదైనా, అతుకు మాత్రం కుంకుమ బొట్టులా కనబడుతూ ఉండాల్సిందే. ఆఫీసర్లు గొణిగేవారు. మేస్త్రి వినేవాడు కాదు. వాళ్లింట్లో పడవలకి అలాగే చేస్తారట. మరమ్మతు చేసిన చెక్క మీద ఎర్రటి గుర్తు పెడతారట, వేటకెళ్లేవాడికి నీళ్లు ఎక్కణ్నుంచి రావొచ్చో తెలియాలని. "అతుకున్న పడవ మునగదురా. అతుకు దాసిన పడవ మునుగుతాది" అనేవాడు.

ఇంత చెప్పాక నేనేం చేశానో మీకు సగం అర్థమై ఉండాలి.

డెబ్బైల మధ్యలో మా మేనేజరు స్నేహితుడొకాయనకి వేరే ఊరు బదిలీ అయింది. ఆయనకొక చిన్న కారు ఉండేది. రెండు తలుపులది, మీగడ రంగుది. బీచి రోడ్డులో ఇంటి ముందు ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడి ఉప్పుగాలి తాగింది. దాన్ని అమ్మకానికి తయారుచేయమని గ్యారేజీకి పంపించాడు. చాసిస్ గట్టిగా ఉంది, ఇంజను గట్టిగా ఉంది. మ్యాటు ఎత్తితే మాత్రం డ్రైవరు కాళ్ల కిందా, పక్కవాళ్ల కాళ్ల కిందా నేల లేదు. సరాసరి రోడ్డు కనబడుతోంది. "బ్రేకు పడకపోయినా ఇబ్బంది లేదండి, కాళ్లతో ఆపుకోవచ్చు" అన్నాను. మేనేజరు నవ్వలేదు. అమ్మకం రెండ్రోజుల్లో ఉందట.

మేస్త్రి అప్పుడు ఊళ్లో లేడు. వాళ్ల అన్న కొత్త పడవ దింపుతున్నాడని పది రోజులు సెలవు పెట్టి భీమిలి వెళ్లాడు. ఉండి ఉంటే ఎర్ర రంగు లేకుండా ఆ కారు గేటు దాటేది కాదు. ఆయన లేడు, నాకు పాతికేళ్లు, మేనేజరు భుజం తట్టాడు. ఇంకేం కావాలి?

అప్పట్లో కారు కొనేవాళ్లు అయస్కాంతం తెచ్చుకునేవారు. తుప్పు పట్టిన చోట లప్పం పెట్టి రంగు వేస్తే అయస్కాంతం అంటదు, దొంగతనం బయటపడుతుంది. కాబట్టి లప్పం పనికిరాదు, రేకే వేయాలి. రేకు కోసం గ్యారేజీ అంతా వెతికాను. మందం సరిపోయే రేకు ఒక్కటే దొరికింది, మేస్త్రి సింహాసనం.

ఆలోచించాను. నిజంగానే కాసేపు ఆలోచించాను. తర్వాత చెక్కపలక తీసి పక్కన పెట్టి, డబ్బాని కత్తిరించాను. రేకుని సాపు చేసి, రివిట్లు కొట్టి, నెమలి ఉన్న వైపు కిందికి పెట్టి, దాని మీద తారు పూశాను. పైన కొత్త రబ్బరు మ్యాటు. రివిట్టుకీ రివిట్టుకీ మధ్య ఎడం బొటనవేలితో కొలిచి మరీ కొట్టాను. ఎవరూ చూడని పనికి అంత శ్రద్ధ ఎందుకో నాకిప్పటికీ తెలియదు. కొనడానికి ఒరిస్సాలోని బరంపురం నుంచి వచ్చినాయన అయస్కాంతం తెచ్చాడు, పెట్టాడు, అంటుకుంది. సంతోషంగా కారెక్కి బరంపురం వెళ్లిపోయాడు.

మేస్త్రి సెలవు నుంచి వచ్చి చేసిన మొదటి పని తన డబ్బా కోసం చూడటం.

"నా డబ్బా ఏదిరా?"

"పాత ఇనపోడు అట్టుకుపోనాడండి. నాను సూసేసరికే బండిలో ఏసీసుకున్నాడు" అన్నాను.

మేస్త్రి చాలాసేపు ఆ ఖాళీ జాగా వైపు చూశాడు. తర్వాత ఒక స్టూలు తెచ్చుకున్నాడు. అది కిర్రుమనేది. ఆయన దాని మీద ఎప్పుడూ సుఖంగా కూర్చోలేదు. డబ్బా ఇంకొకటి తెచ్చుకోమంటే, "అలాటిది దొరకదురా" అనేవాడు. నెలకోసారి వచ్చే ఆ పాత ఇనుము వ్యాపారితో ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాడు.

దాచడం తెలిసినవాడికి వెతకడం తెలుస్తుంది. ఆ తర్వాతి సంవత్సరాల్లో పాత కార్లు చూసిపెట్టేవాడిగా నాకు ఊళ్లో గొప్ప పేరొచ్చింది. కొత్త కారు బుక్ చేసుకుంటే ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియని రోజులవి. డాక్టర్లు, లెక్చరర్లు, కాంట్రాక్టర్లు ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి నన్ను పెళ్లిచూపులకి పెద్దమనిషిని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లేవారు. వెళ్లగానే బానెట్టు మీద చెయ్యి వేసేవాణ్ని. వేడిగా ఉందంటే, పొద్దున్న స్టార్టు కాక తంటాలుపడి మనం వచ్చేలోగా నడిపి ఉంచారన్నమాట. తర్వాత సైలెన్సరు దగ్గర తెల్ల రుమాలు పట్టేవాణ్ని, నూనె తాగే ఇంజనైతే దాని మీద నల్లటి మరక పడుతుంది. చివరికి సింహాచలం కొండ ఎక్కించేవాణ్ని. కొండ ఎక్కిన కారుకి నా ఆమోదం, నాకు దర్శనం, దార్లో పూరీలు. దేవుడికి ఎన్నిసార్లు దండం పెట్టానో, ఎవరి డబ్బుతో పెట్టానో ఆయనకి తెలుసు.

ఎనభైల మొదట్లో మేస్త్రి రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆయన తర్వాత మేస్త్రి ఎవరన్నది గ్యారేజీలో అందరి నోటా నానుతోంది. ఉన్నది ఇద్దరం. నేను, కరెంటు పనులు చూసే ఒకాయన. ఆయన నాకన్నా సీనియరు, పనిమంతుడు, పైగా అబద్ధం ఆడేంత ఊహ లేనివాడు. మేనేజరు తేల్చి చెప్పేశాడు, మేస్త్రి ఎవరి పేరు చెబితే వాళ్లేనని. మేస్త్రి మాత్రం "సూద్దాం" అని ఊరుకున్నాడు. నాకు ఆ పదవి ఎంత కావాలంటే, రోజూ పడుకునే ముందు మా ఆవిడతో మేస్త్రి గొంతు పెట్టి మాట్లాడేవాణ్ని. ఆవిడ దుప్పటి ముసుగేసుకునేది.

ఒక శనివారం మధ్యాహ్నం మేస్త్రి నన్ను పక్కకి పిలిచాడు.

"రేపు నాకోసం ఒక కారు సూడాలిరా."

నేను తెల్లబోయాను. ముప్పై ఏళ్లకి పైగా ఊరందరి కార్లూ బాగుచేసిన మనిషి సొంతానికి సైకిలు తప్ప ఏదీ ఎరగడు.

"మీ పిన్నికి మాటిచ్చీసాను. రిటైరయి భీమిలి ఎల్లిపోయినప్పుడు సొంత కార్లో ముందు సీట్లో కూకోబెట్టి అట్టుకెల్తానని. పెళ్లయి వొచ్చిన కాణ్నుంచి ఆ బస్సుల్లో నిలబడే తిరగతంది. నా డబ్బులన్నీ దీనికే పెడతన్నాను. నాను సూస్తే మోజు అడ్డొస్తాది. నువ్వు సూడు. బాగుందంటే కొంతాను, బాగోలేదంటే వొచ్చీస్తాను. నీ మాటే."

నా ఛాతీ పొంగింది. పదవి ఖాయమైపోయిందనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడ రెండు దుప్పట్లు కప్పుకుంది.

ఆదివారం పొద్దున్న గాజువాక దాకా బస్సులో, అక్కణ్నుంచి రిక్షాలో దువ్వాడ వెళ్లాం. స్టీలు ప్లాంటు కట్టే పనుల కోసం వచ్చిన ఇంజనీరొకాయన అక్కడ అద్దెకుంటున్నాడు. వేరే రాష్ట్రానికి బదిలీ అయింది, కారు అమ్మేస్తున్నాడు. ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. భార్య టీ తెచ్చింది. ట్రేలో రెండు గ్లాసులుంటే ఏది ఎవరిదో చూసుకుని, పంచదార లేనిది మేస్త్రికి అందించింది. తాగి, ఇంటి వెనక్కి వెళ్లాం.

కారు చిన్నది. రెండు తలుపులది. నీలం రంగు. ఒరిస్సా నంబరు.

బానెట్టు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, మంచిదే. డ్రైవరు వైపు తలుపు తీసి వేయబోతే పడలేదు. అలవాటుగా కొంచెం పైకెత్తి నెట్టాను, పడింది. ఈ తలుపు ఎత్తి వేయాలని నా చేతికెలా తెలుసు?

"ఇది ఎక్కడ కొన్నారండి?" అని ఇంజనీరుని అడిగాను.

"మా ఊళ్లోనే. బరంపురంలో. రంగు మాత్రం నేను మార్పించాను."

దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. మ్యాటు ఎత్తక్కర్లేదు, దాని కింద ఏముందో నాకు తెలుసు. ఏడేళ్ల నాటి నూనె డబ్బా రేకు. దాని కిందంతా తారు, పైనంతా తుప్పు. దాని మీద మా పిన్ని, మేస్త్రి భార్య, కాళ్లు చాపుకుని భీమిలి వెళుతుంది. వర్షాకాలం ఏదో ఒక రోజు ఆ రేకు ఊడి, మేస్త్రి కాలు రోడ్డుకి తగిలితే? ఆయన దాచుకున్నదంతా ఆ రేకు పాలవుతుంది. బాగోలేదని చెప్పాలి. ఎందుకు బాగోలేదో మాత్రం చెప్పకూడదు. చెబితే డబ్బా సంగతి బయటికొస్తుంది, ఎర్ర రంగు సంగతి బయటికొస్తుంది, పదవి కరెంటాయనకి వెళ్లిపోతుంది. కారుని తప్పించాలి, నేనూ తప్పించుకోవాలి.

సరే, అబద్ధాలు మొదలుపెట్టాను.

"గేరు బాక్సు బాగోలేదండి" అన్నాను.

మేస్త్రి ఎక్కి, స్టార్టు చేసి, గేర్లన్నీ మార్చి చూశాడు. "ఎన్నలాగ పడతన్నాయి కదరా."

"స్టీరింగు ఆడతందండి."

"అంత ఆడకపోతే తిరగదు."

"ఇంజను పొగ సూసారేటి?"

మేస్త్రి దిగి, నా జేబులోంచి నా రుమాలే లాగి సైలెన్సరు దగ్గర పట్టాడు. మల్లెపువ్వులా ఉంది. నా చేతిలో పెట్టాడు.

"రంగు బాగోలేదండి" అన్నాను, ఇంకేం తోచక.

"ఇన్నేళ్లలో నువ్వు రంగు మాట ఎత్తడం ఇదే సూడ్డం" అన్నాడు మేస్త్రి. "అయస్కాంతం ఏదీ?"

తీసిచ్చాను. ఆయన తలుపుల కింద పెట్టాడు, అంటుకుంది. చక్రాల మీది రెక్కలకి పెట్టాడు, అంటుకుంది. మ్యాటు ఎత్తకుండానే అంచు కిందికి చెయ్యి పోనిచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. ఠక్కుమని అంటుకుంది. అది అంటుకున్నప్పుడల్లా ఆయన మొహం వెలుగుతోంది, నాకు చెమట్లు పడుతున్నాయి. నా జీవితంలో అయస్కాంతం ఊడిపోవాలని మొక్కుకున్నది ఆ ఒక్కరోజే.

"బాగానే ఉందిరా. కింద కూడా ఒకసారి సూసీద్దాం, రా."

ఇంజనీరు గోనె సంచులు పరిచాడు. ఇద్దరం వెల్లకిలా కారు కిందికి దూరాం. మేస్త్రి టార్చి వేసి, స్క్రూడ్రైవరుతో తారు గీకడం మొదలుపెట్టాడు. తారు మెత్తగా ఊడి వస్తోంది. నేను కూడా వేలితో ముట్టుకుంటే నల్లగా అంటింది. ఆ కంగారులో వేలు ప్యాంటుకి తుడుచుకున్నాను తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

"ఓర్నాయనో, ఇక్కడ అతుకుందిరా" అన్నాడు మేస్త్రి.

నేను గోనె సంచి మీద ఇంకొంచెం పక్కకి జరిగాను.

"ఎవడో ముదురుగాడే. సెప్పకండా దాసీసినాడు, దొంగ నాయాలు." ఇంకొంచెం గీకాడు. గొంతు మారింది. "కానీ సెయ్యి మాత్రం బంగారంరా. ఈ రివిట్లు సూడు. మద్దిని సరిగ్గా బొటనేలంత. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు."

కారు కింద పడుకున్నా నా ఛాతీ పొంగింది. అక్కడ పొంగడానికి ఎక్కువ చోటు కూడా లేదు.

"ఎవడి పనంటావు?"

"నాకేటి తెలుస్తాదండి?"

"నాకు తెల్సు" అన్నాడు మేస్త్రి. "పూర్ణా మార్కెట్టు కాడ గ్యారేజీ ఓడు లేడూ? ఆడిదే. ఈ ఊల్లో ఆడు తప్పించి ఇంకెవడూ ఇలాగ సెయ్యలేడు."

ఆ పేరు వినగానే నాలో ఏదో తెగిపోయింది. పూర్ణా మార్కెట్టువాడు! ఒకసారి నేను బాగుచేసిన జీపుని మళ్లీ విప్పి, నా పని వంకరగా ఉందని ఊరంతా చెప్పినవాడు. నా ఏడేళ్ల రహస్యాన్ని, నా పదవిని, నా పరువుని ఇంతసేపూ పళ్ల బిగువున పట్టుకుని ఉన్నానా? అన్నీ ఒక్క క్షణంలో వదిలేశాను.

"ఆడా? ఆడికి రివిట్టు కొట్టడం వొచ్చేటండి? ఆడు కొడితే రివిట్టు తల సచ్చిన సేపకన్నులాగ పక్కకి సూస్తాది! ఆడి మొహం! ఇది నాను సేసిందండి! నాను!"

పైన ఎక్కడో ఇంజనీరు దగ్గాడు.

"నువ్వా?" అన్నాడు మేస్త్రి, టార్చి నా మొహం మీదికి తిప్పి. "ఎప్పుడు?"

"మీరు మీ అన్నగారి పడవ పనికి ఎల్లినప్పుడండి."

"ఎర్ర రంగేదీ?"

నేను కళ్లు మూసుకున్నాను.

"మరి ఈ రేకెక్కడిదిరా?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. మీరు నమ్మాలి, ఆ పొంగులో డబ్బా సంగతి నాకు గుర్తే లేదు. మేస్త్రి నెమ్మదిగా, తొందరేమీ లేకుండా, తారు గీకుతూ పోయాడు. ముందు ఒక ఆకుపచ్చ ఈక వచ్చింది. తర్వాత ఈకల మీది కళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. చివరికి నెమలి మెడ, ముక్కు, మొత్తం నెమలి. మా ఇద్దరి మొహాలకీ జానెడు ఎత్తున పురి విప్పుకుని చూస్తోంది.

"నా డబ్బా" అన్నాడు మేస్త్రి, చాలా నెమ్మదిగా. "పాత ఇనపోడు అట్టుకుపోనాడన్నావు కదరా."

"ఆడే అనుకున్నానండి" అన్నాను. అప్పుడు కూడా.

"ఏడేళ్లయి ఆడితో మాటాడ్డం మానీసాను గదరా నాను!"

బయటికొచ్చాం. నేను తలొంచుకుని, ఇంజనీరు ముందే చెప్పేశాను, ఈ కారు కొనొద్దని, నేలంతా నేనే చేసిన మోసమని, తప్పంతా నాదని. నిజంగా ఏడుపొచ్చింది. పదవి పోయిందని కొంత, ఆ కిర్రుమనే స్టూలు గుర్తొచ్చి కొంత. విచిత్రంగా ఇంజనీరు ఒక్క మాట అనలేదు. నన్ను చూసి జాలిపడ్డట్టు ప్లేట్లో నాలుగు బిస్కెట్లు తెచ్చి పెట్టాడు.

మేస్త్రి బట్టలు దులుపుకున్నాడు. "కొంతాను" అన్నాడు.

"అదేటండి!"

"ఇంజను బాగుంది. చాసిస్ బాగుంది. నేల బాగోలేదు. అది బాగోలేదని నాకు తెల్సు, ఎక్కడ బాగోలేదో తెల్సు, ఎవడు పాడుసేసాడో తెల్సు. ఇంకో కారు కొంటే ఈ మూడూ ఎవడు సెప్తాడు? అతుకు తెల్సిన పడవలో బయపడక్కర్లేదురా." తర్వాత నా వైపు వేలు చూపించాడు. "కొత్త నేల నువ్వే ఎయ్యాల. నీ ఆదివారాలు నాయి."

నాలుగు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం మేస్త్రి నన్ను ఆ పాత ఇనుము వ్యాపారి దగ్గరికి తీసుకెళ్లి, ఏడేళ్ల కిందట ఆయన ఏ డబ్బానీ తీసుకెళ్లలేదని నా నోటితో చెప్పించాడు. ఆయనకి ఏ డబ్బానో, ఎందుకు మాట్లాడటం మానేశారో, అసలు అది కోపమన్న సంగతే తెలియదు. "ఓస్, నాతో మాటాడితే ఖర్చని ఊరుకున్నారనుకున్నాను" అన్నాడు. ఆయన దగ్గరే దళసరి ఇనుప పలక కొన్నాం. కోసి, అతికి, ఎర్ర రంగు పూశాను. మ్యాటు వేయనివ్వలేదు మేస్త్రి. ఆ నీలం కారు తలుపు తీస్తే లోపల ఎర్రటి నేల ధగధగలాడేది. నెమలి రేకుని మాత్రం ఆయన కిరసనాయిలుతో తుడిచి ఇంటికి పట్టుకుపోయాడు.

రిటైరైన రోజు మేస్త్రి ఒక కొత్త నూనె డబ్బా తెచ్చాడు. దాని మీద తన పాత చెక్కపలకే వేశాడు. అది ఇన్నాళ్లూ ఎక్కడ దాచాడో. గ్యారేజీ అంతా చూస్తుండగా నన్ను పిలిచాడు.

"కూకో."

"నానా?"

"అతుకెయ్యడం అందరికీ వొచ్చు. దాన్ని ఎలాగ దాస్తారో తెల్సినోడు ఒకడుండాల గ్యారేజీకి. మ్యాటు ఎత్తకండా ఏ బండినీ ఒగ్గకు."

కరెంటాయన ముందుగా చప్పట్లు కొట్టాడు. నేను చాలా సిగ్గుపడుతూ కూర్చున్నాను. ఆ సాయంత్రం పిన్ని ముందు సీట్లో, ఎర్రటి నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కారు బీచి రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళ్లిపోయింది.

తర్వాత నేను ఈ కథని అందరికీ ఒకే రకంగా చెప్పేవాణ్ని. గురువుకి నష్టం వస్తుంటే పదవి పోతుందని తెలిసి కూడా నిజం ఒప్పుకున్న శిష్యుడి కథ. పూర్ణా మార్కెట్టు భాగం కొంచెం తగ్గించేవాణ్ని. కొత్తగా పనిలో చేరినవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని వినేవారు.

ఎనభైల చివర్లో ఒక ఆదివారం మేస్త్రిని చూడటానికి భీమిలి వెళ్లాను. ఆయన సముద్రం ఒడ్డుకి వెళ్లాడు. పిన్ని టీ ఇచ్చింది. పెరట్లో కోళ్ల గూటికి తలుపుగా నెమలి రేకు కొట్టి ఉంది. దాన్ని చూడగానే నా నోరు ఊరుకోలేదు. దువ్వాడ కథ మొదలుపెట్టాను. నా నిజాయితీ దగ్గరికి వచ్చేసరికి పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఏటి పిన్నీ?"

"ఇన్నాల్లూ నీకు తెల్దేటి బాబూ? వారం ముందే ఎల్లి ఆ కారు సూసొచ్చాడు కదా మీ మేస్త్రి. వొచ్చి గుమ్మంలో కూకుని ఒకటే నవ్వు. 'నా డబ్బా దొరికిందే' అన్నాడు. అడ్వాన్సు కూడా ఇచ్చీసాడు ఆ రోజే."

టీ గ్లాసు కింద పెట్టాను. "అడ్వాన్సు ముందే ఇచ్చీసారా? మరి నన్నెందుకు అట్టుకెల్లారు?"

"నీకు ఆ కుర్సీ ఇయ్యాలా, కరెంటాయనకి ఇయ్యాలా తేల్సుకోడానికి. 'మా వోడు సెప్తాడో సెప్పడో సూడాల' అన్నాడు. 'సెప్పకపోతేనో' అన్నాను నాను. 'ఊరికే అడిగితే సెప్పడు. ఆ పూర్ణా మార్కెట్టు ఓడి పేరెత్తితే ఆగలేడు' అన్నాడు."

దువ్వాడలో పంచదార లేని టీ గ్లాసు గుర్తొచ్చింది. మేస్త్రికి పంచదార పడదని, మొదటిసారి చూసిన మనిషి గురించి ఆ ఇంజనీరు భార్యకి ఎవరు చెప్పారు? ఆ బిస్కెట్లు గుర్తొచ్చాయి. ఆ దగ్గు గుర్తొచ్చింది.

"సొక్కా ఒకటి పాడుసేసుకొచ్చాడు బాబూ" అంది పిన్ని. "గీకిన కాడ మల్లీ పూస్తానని తారు డబ్బా అట్టుకుని ఎల్లాడు. ఆ మరక ఎంత ఉతికినా ఒదల్లేదు."

అంతలో మేస్త్రి వచ్చాడు. చేతిలో చేపల బుట్ట. మా ఇద్దరి మొహాలూ చూశాడు, కోళ్ల గూడు వైపు చూశాడు, అర్థమైపోయింది. బుట్ట పిన్నికిచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కూర్చున్నాడు.

కార్లు చూసేవాణ్ని నేను. బానెట్టు వేడి చూసి మోసం పట్టేవాణ్ని. ఏడేళ్ల కిందట పూసిన తారు ఎక్కడైనా వేలికి అంటుతుందా అని ఆ రోజు నాకెందుకు తట్టలేదు? నా ప్యాంటు మీద కూడా మరక పడింది. మా ఆవిడ దాన్ని గుడ్డపీలికలు చేసేసింది.

"తారు ఎప్పుడు పూసారండి?" అని అడిగాను.

"శనారం సాయంత్రం" అన్నాడు మేస్త్రి. "ఏం, ఆరలేదేట్రా?"

"ఆరలేదండి" అన్నాను.